తండ్రి వివరాలు

మార్చి 3, మంగళవారం

అప్లికేషన్ తిరిగొచ్చింది.

మార్చి 4, బుధవారం

నిన్న కవరు విప్పి మళ్ళీ మూసేశాను. ఇవాళ డ్యూటీ నుంచి వచ్చాక బల్ల మీద పరిచి చూశాను. నేను పంపిన కట్ట పంపినట్టే ఉంది. క్లిప్పులు కూడా నావే. పైన ఒక కాగితం మాత్రం కొత్తది. "దరఖాస్తు అసంపూర్ణంగా ఉన్నందున పరిశీలనకు స్వీకరించలేదు."

కింద ఏమేం లేవో రాశారు. దరఖాస్తుదారు తండ్రి సంతకం లేదు. తండ్రి మరణించి ఉంటే ఆ సర్టిఫికెట్ జత చేయలేదు. 'తండ్రి వివరాలు' అన్నచోట 'జీవించి ఉన్నారు', 'మరణించారు' అని రెండు గడులుంటే దేనికీ టిక్కు పెట్టలేదు. స్పాన్సరు సవతి తల్లి కాబట్టి కన్నతల్లి అంగీకార పత్రం కావాలి, అదీ లేదు. దరఖాస్తుదారుకి పదహారేళ్ళు దాటాయి కాబట్టి ఎందుకు వస్తున్నదో తన చేత్తో తనే రాయాలి. జత చేసిన వాంగ్మూలం ఫారం నింపిన దస్తూరీతోనే ఉంది.

నా దస్తూరీ పట్టేశారు. వేరేగా కనబడాలని గుండ్రంగా రాయడానికి చాలా కష్టపడ్డాను.

సవతి తల్లి అని నన్ను అచ్చులో చూసుకోవడం ఇదే మొదటిసారి. నేను ఆయన్ని చేసుకునేనాటికి పిల్లకి ఆరేళ్ళు. పిన్నీ అని పిలవమన్నారు, పిలిచింది. ఇప్పటికీ అదే పిలుపు. ఆ గడి ఒకటి ఉందని ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు.

టిక్కు సంగతి. ఆ రోజు పెన్ను సరిగ్గా రాయలేదు. అదే అయి ఉంటుంది.

గడువు ఏప్రిల్ పది, శుక్రవారం. పదకొండున పిల్లకి పద్దెనిమిది నిండుతాయి. నిండితే నా కింద ఈ దేశానికి రావడం కుదరదు, పెద్దమనిషిలా సొంతంగా పెట్టుకోవాలి. అలా పెట్టుకున్నవాళ్ళకి ఎన్నేళ్ళు పడుతుందో మా లాండ్రీలో డ్రయ్యర్ల దగ్గర పనిచేసే ఆవిడని అడిగితే తెలుస్తుంది. ఏడో ఏడు నడుస్తోంది ఆవిడ తమ్ముడికి.

మార్చి 5, గురువారం

ఆస్పత్రి లాండ్రీలో ఇవాళ నన్ను రోలర్ దగ్గర వేశారు. తడి దుప్పటి చెరో కొసా ఇద్దరు పట్టుకుని, ముడత లేకుండా లాగి, వేడి రోలర్ కిందకి అందించాలి. అవతల ఇస్త్రీ అయి వస్తుంది. నాకిష్టం ఆ పని. చేతులకి మాత్రమే పని.

నా జోడీ రేడియో. ఆవిడకి పేరుంది గానీ ఎవరూ వాడరు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే రెండింటి దాకా ఆగదు.

"మీ పిల్ల కాగితాలేమయ్యాయి?" అంది.

"వస్తాయి."

"ఎప్పుడు?"

"వస్తాయి."

"నీతో మాట్లాడేకంటే ఈ రోలర్‌తో మాట్లాడటం నయం తల్లీ. అది కనీసం ఆవిరైనా వదుల్తుంది" అంది.

నవ్వాల్సింది. దుప్పటి అందించాను.

మార్చి 7, శనివారం

లైబ్రరీలో ఒకావిడ మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం కూర్చుని ఉచితంగా ఫారాలు చూసిపెడుతుంది. పోస్టాఫీసులో చేసి రిటైరయిందట. అందరూ ఫారాలావిడ అంటారు. ముందే వెళ్ళాల్సింది. నాకంటే ముందు ఐదుగురున్నారు.

నా కట్ట తిరగేసి, "ఎవరికీ చూపించకుండానే పంపేశారా?" అంది.

"తేలిగ్గానే ఉందనిపించిందండి."

"తేలిక!" అని పక్కనున్న ఖాళీ కుర్చీతో అంది. తర్వాత పేజీలు తిప్పుతూ, "మీ వారి సంతకం ఎందుకు లేదు?"

"ఆయన లేరండి."

"ఊళ్ళో లేరా? ఎప్పుడొస్తారు?"

కట్ట మీది క్లిప్పు సర్దాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడమ్మా?"

"జూలైలో."

"సర్టిఫికెట్ ఉందా?"

"ఇంట్లో ఎక్కడో పెట్టాను."

"ఎక్కడో అంటే కుదరదు. అది మొదటి కాగితం. మిగతావన్నీ దాని వెనకే." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "పిల్ల కన్నతల్లి ఉందా?"

"ఉందండి. విడాకులయ్యాయి. తొమ్మిదేళ్ళ నుంచీ రాకపోకల్లేవు."

"ఫోన్ నంబరు?"

"లేదు."

"సంపాదించండి. మూడోది పిల్ల రాయాలి. మీరు రాయకూడదు. మీరు రాసిచ్చినదాన్ని చూసి రాయించనూ కూడదు. వాళ్ళు చదువుతారు, ఇంకేం చదవకపోయినా అదొక్కటీ చదువుతారు."

తలూపాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "అర్థమైందా?" అని మళ్ళీ అడిగింది. ఈమధ్య అందరూ నన్ను రెండుసార్లు అడుగుతున్నారు.

మార్చి 8, ఆదివారం

పిల్లకి ఫోన్ చేశాను.

తిన్నావా? మ్. చదువుతున్నావా? మ్. మావయ్య ఉన్నారా? ఇస్తున్నా.

మూడు నిమిషాల నలభై సెకన్లు. అందులో రెండున్నర అన్నయ్యతో.

మూడేళ్ళ క్రితం నేను ఆయన దగ్గరికి వచ్చేటప్పుడు పిల్లని అన్నయ్య ఇంట్లో వదిలాను. చదువు మధ్యలో కదపడం ఎందుకు, ఏడాదిలో పిలిపించేద్దాం అన్నారాయన. ఏడాది కాగానే ఇంకో ఏడాది అన్నారు. వ్యాను తోలి ఇంటికొచ్చాక ఫారాలు ముందేసుకునేవారు, రెండు పేజీలు నింపి నిద్రపోయేవారు.

అప్లికేషన్ తిరిగొచ్చిందని అన్నయ్యకి చెప్పలేదు. కాస్త ఆలస్యమవుతుందన్నాను. ఆఫీసులన్నాక అంతేగా అన్నాడు. అంతే అన్నాను.

మార్చి 10, మంగళవారం

సర్టిఫికెట్ వెతికాను. కనబడలేదు.

మార్చి 12, గురువారం

వెతికానని రాశాను. వంటగది డబ్బాల్లో వెతికాను. సర్టిఫికెట్లు ఎవరైనా డబ్బాల్లో పెడతారా?

రేపు బీరువా చూస్తాను.

మార్చి 14, శనివారం

బీరువా చూడలేదు. పిల్ల తల్లి నంబరు మాత్రం సంపాదించాను. అన్నయ్యనడిగితే ఎందుకు, ఏమిటి అని గంట పంచాయితీ పెడతాడు. వదినకి చేశాను. వదిన ఏమీ అడక్కుండా, "ఉండు" అని ఫోన్ పక్కన పెట్టి వెళ్ళి, తెచ్చి చదివింది.

"నీ దగ్గర ఎలా ఉంది వదినా?"

"పిల్ల దగ్గరుంది. నోట్సు చివరి పేజీలో రాసుకుంది. ఎప్పుడూ చేసినట్టు లేదులే."

మార్చి 15, ఆదివారం

ఆవిడకి ఫోన్ చేశాను. పిల్ల తల్లికి. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. మర్చిపోకూడదని కాదు. రాస్తే తప్ప జరిగినట్టు ఉండటం లేదు.

వెనక గిన్నెల చప్పుడు. ఏదో కాలేజీ హాస్టల్లో వంటంతా ఆవిడ చేతి మీదే నడుస్తుందట.

"ఎవరండీ?"

"అక్కా, నేను."

"నేనంటే?"

ఏమని చెప్పాలి? "పిల్ల పిన్నిని" అన్నాను.

గిన్నెల చప్పుడు దూరమైంది. బయటికొచ్చినట్టుంది. "చెప్పమ్మా" అంది. గొంతులో కోపం ఏమీ లేదు. ఉంటుందనుకున్నాను, దానికి తగ్గట్టు కూర్చుని ఉన్నాను.

"ఆయన సంగతి..."

"విన్నాను. ఎవరో మూడోమనిషి చెబితే విన్నాను. వంటలో ఉన్నాను అప్పుడు కూడా. రెండొందల మందికి వండాలి కదా, వండాను." తర్వాత, "ఎలా జరిగింది?"

"గుండె. వ్యాను పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్‌బ్రేకు కూడా వేశారట. వెనక బ్రెడ్డు ట్రేలు ఒక్కటి కూడా కదల్లేదు."

"అంతే ఆ మనిషి" అంది.

సంతకం కావాలన్నాను. దేనికో చెప్పాను. గడువు చెప్పాను. అంతా విని, "పిల్ల వస్తానందా?" అంది.

"ఎప్పుడో అనుకున్నదే అక్కా. ఆయన ఉన్నప్పటి నుంచీ..."

"ఆయన ఉన్నప్పటి సంగతి కాదు. ఇప్పుడు. వస్తానందా?"

"రాకేం చేస్తుంది?"

"నువ్వడిగావా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అడుగమ్మా. అది వస్తానంటే ఒకటి కాదు, నాలుగు సంతకాలు పెడతాను. విడిపోయేటప్పుడు పిల్ల ఎవరి దగ్గరుండాలో పెద్దలంతా కూర్చుని తేల్చారు. నేను అందరికీ టీ ఇచ్చి లోపలికెళ్ళాను. తర్వాత పిలిచి ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు. నన్నడగలేదు, దాన్నడగలేదు. ఇంకోసారి ఆ పని చెయ్యను."

"సరే అక్కా" అన్నాను.

"తింటున్నావా?" అంది.

తింటున్నానన్నాను.

మంచావిడ. తెలియకుండా ఉంటే బాగుండేది.

మార్చి 17, మంగళవారం

పిల్లని అడగాలి. ఇవాళ పరీక్ష ఉందేమో. పరీక్షప్పుడు ఎందుకు కదిలించడం?

మార్చి 18, బుధవారం

పరీక్షలు నిన్నటితో అయిపోయాయని వదిన మెసేజి పెట్టింది.

మార్చి 22, ఆదివారం

అడిగాను.

"అప్లికేషన్ వెనక్కొచ్చింది. మళ్ళీ పెట్టాలి. నువ్వు నీ చేత్తో ఒకటి రాయాలి, ఎందుకు రావాలనుకుంటున్నావో."

"పోయినసారి ఎవరు రాశారు?"

"నేనే రాశాను."

"ఏమని?"

"మా కుటుంబంతో కలిసి ఉండాలని కోరుకుంటున్నాను అని."

నవ్వింది. నవ్వు లాంటిదే. "కుటుంబం అంటే నువ్వొక్కదానివే కదా పిన్నీ."

"అవును. వస్తావా?"

"ఇప్పుడడుగుతున్నావా?"

"ఇప్పుడే అడుగుతున్నాను."

అన్నయ్య ఇంట్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది.

"నాన్న లేని ఇంటికి ఎందుకు రావాలి?" అంది. నేను చెప్పడానికేమైనా ఉందేమోనని చూసి, మళ్ళీ తనే, "ఆ రోజు వీడియో కాల్ ఎందుకు కట్ చేయించావు?"

"నువ్వు భయపడతావని."

"నేనేం భయపడలేదు. చూస్తూనే ఉన్నాను. నాన్న చొక్కా వరకూ కనిపించింది. ఇంకా ముఖం రాలేదు. నీ గొంతు వినిపించింది, పెట్టెయ్యండి అని. అంతే, నల్లగా అయిపోయింది."

"చిన్నపిల్లవి కదమ్మా."

"వచ్చే నెల పద్దెనిమిది వస్తే పెద్దదాన్నైపోతానని ఫారాలు రాయిస్తున్నావు. ఆ రోజు మాత్రం చిన్నపిల్లని."

పెట్టేసింది. అప్పటికి ఆరు నిమిషాలైంది. జూలై తర్వాత ఇదే ఎక్కువ.

మార్చి 23, సోమవారం

పిల్ల భయపడుతుందనే చెప్పాను ఆ రోజు. ఎవరైనా అదే చేస్తారు.

మార్చి 25, బుధవారం

పదకొండింటప్పుడు సూపర్‌వైజరే స్వయంగా రోలర్ దగ్గరికొచ్చి, ఆఫీసు ఫోన్‌కి నీకు కాల్ అంది. అన్నయ్య. ఒగరుస్తున్నాడు.

"పిల్ల కనబడట్లేదే. పొద్దున ఏడింటికి స్నేహితురాలింటికని వెళ్ళింది. అక్కడికి వెళ్ళనే లేదట. ఫోన్ స్విచాఫ్. నువ్వేమైనా అన్నావా?"

"సరే" అన్నాను.

"సరే ఏంటే? పిల్ల కనబడట్లేదంటుంటే!"

"సరే, చూడండి అన్నయ్యా. కనబడితే చెప్పండి."

పెట్టేసి మళ్ళీ వెళ్ళి దుప్పటి కొస పట్టుకున్నాను. రేడియో నా వైపే చూసింది. ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ దుప్పటి వదిలేసింది. నేను ఒక కొసే అందించాను, అది వంకరగా వెళ్ళి రోలర్‌కి చుట్టుకుంది. మిషన్ ఆపారు.

"ఇంటికి పో" అంది సూపర్‌వైజర్.

"ఇంటికి పోయి ఏం చేస్తాను?" అని నిజంగానే అడిగాను. ఇంటి నుంచి చేసేదేం లేదు, ఇక్కడి నుంచి చేసేదేం లేదు. రేడియో నన్ను గుడ్డల తోపుడుబండి మీద కూర్చోబెట్టి, రెండింటి దాకా నా పక్కనే నిలబడింది. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండగలదని ఎవరికీ తెలియదు.

మూడున్నరకి ఫోన్ వచ్చింది. అన్నయ్య కాదు.

"పిల్ల నా దగ్గరుందమ్మా" అంది పిల్ల తల్లి. "బస్సెక్కి వచ్చేసింది. వంటింటి గుమ్మంలో నిలబడితే ఎవరు కావాలని అడిగాను, చూడు. నా పిల్లని నేనే ఎవరు కావాలని అడిగాను."

"తిందా?"

"రెండుసార్లు తింది. పడుకుంది. మీ అన్నయ్యకి చెప్పాను, బాగా తిట్టాడు. తిట్టనీలే."

నేలమీద కూర్చున్నాను. ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు.

మార్చి 26, గురువారం

డ్యూటీ. దిండు గలీబులు.

మార్చి 29, ఆదివారం

పిల్ల తల్లి అంగీకార పత్రం పంపింది. నోటరీ ముద్ర ఉంది, రెండు సాక్షి సంతకాలున్నాయి, హాస్టల్ వార్డెన్‌ది ఒకటి. ఫోన్‌లో ఫొటో, దానితో పాటు మెసేజి.

"ఇది నేను పెట్టాల్సింది కాబట్టి పెట్టాను. పిల్ల ఇంకా ఏమీ తేల్చలేదు. ఒక మాట దాచకూడదు కాబట్టి చెబుతున్నాను. నా దగ్గరే ఉండిపొమ్మని అడిగాను దాన్ని. ఇక్కడే కాలేజీలో సీటు దొరుకుతుంది. నీకు తెలియాలి కదా."

తెలిసింది.

ఆవిడ అడగడంలో తప్పేముంది? కడుపున పుట్టిన పిల్ల. నేనైనా అడుగుతాను. నేను అడగనే లేదు, అది వేరే సంగతి.

మార్చి 31, మంగళవారం

సర్టిఫికెట్ బీరువా కింది అరలో ఉంది. మొదట్నుంచీ అక్కడే ఉంది. నాకు తెలుసు.

కవరు అంటించినట్టే ఉంది. మున్సిపల్ ఆఫీసు నుంచి ఆగస్టులో వచ్చింది. చాకుతో జాగ్రత్తగా కోశాను. పేరు, వయసు, ఉద్యోగం, కారణం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క తప్పైనా ఉంటుందనుకున్నాను. ఉంటే వెనక్కి పంపొచ్చు కదా.

కింద 'సమాచారమిచ్చినవారు' అనే చోట నా సంతకం ఉంది. పక్కన 'భార్య' అని నా దస్తూరీయే. ఎప్పుడు పెట్టానో గుర్తులేదు. ఎక్కడ, ఏ బల్ల మీద, ఎవరు పెన్నిచ్చారు. ఎంత ఆలోచించినా ఏమీ రాదు. అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి. వణకలేదు.

ఫారం తీసి గడిలో టిక్కు పెట్టాను. పెన్ను బాగానే రాసింది.

ఏప్రిల్ 4, శనివారం

ఫారాలావిడ కాగితాలన్నీ వరసలో పెట్టింది. "పిల్ల రాసింది రావాలి, అంతే" అంది. "ఇంకా ఆరు రోజులు. రాస్తుందా?"

"తెలీదండి."

"మీరు గుర్తుచేశారా?"

"చేస్తే నేను రాయించినట్టవుతుందేమోనని."

ఆవిడ నన్ను చూసింది. "అది రాయించకూడదని చెప్పానమ్మా, మాట్లాడకూడదని చెప్పలేదు."

ఏప్రిల్ 5, ఆదివారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. తల్లికి చేస్తే, బయటికెళ్ళిందని చెప్పింది. వెనక పిల్ల గొంతు వినిపించింది. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతోంది.

ఏప్రిల్ 7, మంగళవారం

రాలేదు.

ఒకవేళ రాకపోతే రానివ్వు. ఆ అమ్మాయి అక్కడ ఉప్పు డబ్బా వెతుక్కుంటోంది. ఇక్కడేముంది? రెండు గదులు. పొద్దున ఐదింటికి బయల్దేరి మూడింటికి వచ్చే మనిషి. ఎందుకు తెప్పిస్తున్నాను? ఆయన అనుకున్నారు కాబట్టి. ఆయన అనుకున్నవి చాలా ఉన్నాయి.

ఏప్రిల్ 8, బుధవారం

వచ్చింది. డ్యూటీలో ఉండగా ఫోన్‌కి ఫొటోలు పంపింది, లాకర్ తీశాక చూశాను. రెండు పేజీలు. గీతల కాగితం మీద పిల్ల చేతిరాత, అక్షరాలు కుడికి వాలి ఉంటాయి. మార్చే గది బెంచీ మీద కూర్చుని చదివాను. ఇక్కడ ఎత్తి రాసుకుంటాను.

"నా వయసు పదిహేడేళ్ళ మూడువందల అరవై రెండు రోజులు. పోయినసారి ఇచ్చిన కాగితం నేను రాయలేదు. ఇది నేను రాస్తున్నాను. మా నాన్న జూలైలో చనిపోయారు. ఆయన బ్రెడ్డు వ్యాను డ్రైవరు. ఫోన్‌లో మాట్లాడుతూ వ్యాను నడిపేవారు కాదు, ఎక్కడో ఒకచోట ఆపి మాట్లాడేవారు, అందుకని నాతో చాలాసార్లు రోడ్డు పక్క నుంచే మాట్లాడారు. నేను ఆయన దగ్గరికి రావాలని మూడేళ్ళు ఎదురుచూశాను. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి ఎందుకు వస్తున్నావని మీరు అడిగారు. మా అమ్మ కూడా అడిగింది. మా అమ్మ తన దగ్గర ఉండమంది. తన దగ్గర నాకు బాగుంది."

ఇది మొదటి పేజీ. రెండోది ఇలా ఉంది.

"మా పిన్ని నన్ను నా ఆరేళ్ళ వయసు నుంచీ పెంచింది. నాకు జ్వరమొస్తే నిద్రపోయేది కాదు, కానీ ఆ సంగతి పొద్దున ఎవరికీ చెప్పేది కాదు. నాన్న పోయిన రోజు ఫోన్‌లో నాన్న ముఖం నాకు కనిపించకముందే పిన్ని ఫోన్ పెట్టించేసింది. అందుకు నాకు చాలా కోపం. ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి పిన్ని నాన్న గురించి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. ఫోన్ చేసి తిన్నావా అంటుంది. నాకు నాన్న గురించి మాట్లాడాలని ఉంది. అమ్మకి తెలిసిన నాన్న వేరు. మావయ్యకి ఎక్కువ తెలియదు. నాకు తెలిసిన నాన్న తెలిసింది పిన్నికి ఒక్కదానికే. ఆమెతో దెబ్బలాడాలి. దెబ్బలాడాలంటే ఎదురుగా ఉండాలి, ఫోన్‌లో అయితే పెట్టేస్తుంది. అందుకని వస్తున్నాను. ఇది సరైన కారణమో కాదో నాకు తెలియదు."

కింద సంతకం.

ఏప్రిల్ 9, గురువారం

లైబ్రరీలో ప్రింటు తీయించాను. ఫారాలావిడ వాంగ్మూలం చదివి, "తన దగ్గర నాకు బాగుంది. ఇక్కడితో ఆగిపోయిందేం? ఇలా పంపితే రావడానికి ఇష్టం లేదని రాసుకుంటారు. రెండో పేజీ ఏది?"

"రెండో పేజీ సరిగ్గా ప్రింటవలేదండి."

"మళ్ళీ తీద్దాం. ఫోన్ ఇవ్వండి."

"అందులో కాస్త ఇంటి విషయాలు రాసింది. ఆఫీసు వాళ్ళకి అవసరం లేనివి."

ఆవిడ చెయ్యి చాపి ఉంచింది. నా వెనక నలుగురున్నారు. బ్యాగులోంచి మడత పెట్టిన పేజీ తీసిచ్చాను. బాగానే ప్రింటయింది అది. ఆవిడ చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ పైనుంచి చదివింది.

"కారణం అడిగారు, రాసింది" అని మడత చేత్తో సాఫు చేసి, రెండూ కలిపి క్లిప్పు పెట్టింది. తర్వాత నా వైపు వంగి, వెనకవాళ్ళకి వినబడకుండా, "ఎందుకు పెట్టించేశారమ్మా ఫోను?" అంది.

"పిల్ల భయపడుతుందని" అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"పిల్ల అటు నుంచి నాన్నా అని పిలిస్తే నేను నిలబడలేనని" అన్నాను.

ఆవిడ స్టాంపులు ఎక్కడ అంటించాలో చూపించింది.

ఏప్రిల్ 10, శుక్రవారం

పోస్టు నమ్మకుండా సెలవు పెట్టి కౌంటరుకే వెళ్ళాను. టోకెన్ నూట పద్నాలుగు. కౌంటర్లో ఉన్న అతను పేజీలు లెక్కపెట్టాడు. ఒక్కో పేజీకి వేలు తడుపుకున్నాడు. వాంగ్మూలం దగ్గర వేలు ఆగింది. చదివాడు. వరస పెరుగుతోంది, అయినా చదివాడు. తర్వాత ముద్ర కొట్టి, రసీదు ఇస్తూ, "అన్నీ ఉన్నాయి" అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద నుంచి పిల్లకి మెసేజి పెట్టాను. "ఇచ్చేశాను. నువ్వు రాసింది మొత్తం ఇచ్చాను."

చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

ఏప్రిల్ 11, శనివారం

పద్దెనిమిది. ఫోన్ చేశాను. ఎత్తింది. నాలుగు నిమిషాలు. మ్ అనలేదు.

ఏప్రిల్ 28, మంగళవారం

పరిశీలనకు స్వీకరించారట. నిర్ణయానికి ఆరు నెలలు పట్టొచ్చట.

జూలై 19, ఆదివారం

ఏడాదైంది. డ్యూటీ లేదు. రోజంతా ఇంట్లోనే ఉన్నాను. పిల్ల తల్లి ఫోన్ చేసి, "ఊరికే చేశాను" అంది. ఊరికే ఇద్దరం అరగంట ఉన్నాం.

సెప్టెంబరు 14, సోమవారం

అనుమతి వచ్చింది. నిలబడే చదివాను.

పిల్లకి చెబితే, "అలాగే" అంది. తర్వాత, "అమ్మ ఏడుస్తోంది. ఒక్క నిమిషం, ఉండు" అని వెళ్ళింది. ఉన్నాను. పదిహేను నిమిషాల తర్వాత వచ్చి, "ఇంకా ఉన్నావా?" అంది.

"ఉండమన్నావుగా" అన్నాను.

అక్టోబరు 17, శనివారం

వచ్చింది. నాకంటే పొడుగైంది. పెట్టె నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. బస్సులో కిటికీ వైపు కూర్చుంది. దారిలో రెండు మాటలు. ఇంటికొచ్చి గదులు చూసి, "నాన్న చెప్పినదానికంటే చిన్నగా ఉంది" అంది.

"ఆయన అన్నీ కాస్త పెద్దవి చేసి చెప్పేవారు" అన్నాను.

ఆయన గురించి నేను అన్న మొదటి మాట అదే. ఇద్దరం గమనించాం.

అక్టోబరు 18, ఆదివారం

పొద్దున లేచి ముఖం కడుక్కుని వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకుంది. "ఇప్పుడు చెప్పు" అంది.

ఏం చెప్పమంటావని అడగలేదు. మొదట్నుంచీ చెప్పాను. ఆస్పత్రి నుంచి ఫోన్ ఎన్నింటికొచ్చింది, ఏ గేటు నుంచి లోపలికెళ్ళాను, చొక్కాకి ఏ గుండీ ఊడింది, ముఖం ఎలా ఉంది. నిద్రలో ఉన్నట్టు లేదు, అలా అని అబద్ధం చెప్పలేదు. ఏదో అడగబోతూ ఆగిపోయినట్టు ఉంది. ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఆగాను.

"చెప్పు" అంది.

"నువ్వు భయపడతావని కాదు. నీ గొంతు వింటే నేను పడిపోతాను. అందుకని నీకు చూపించలేదు. నాకోసం చేశాను."

పిల్ల లేచి నిలబడింది. అరిచింది. నాన్న నీకొక్కదానికేనా అని అరిచింది. ఏడాది, ఏడాది పాటు తిన్నావా తిన్నావా అని చంపావు, నేను తిన్నానో లేదో నీకెందుకు అని అరిచింది. మాటలన్నీ గుర్తులేవు. నేనూ అరిచాను. ఏమని అరిచానో అదీ గుర్తులేదు, నువ్వు ఏడవడానికి అక్కడ నలుగురున్నారు, నాకెవరున్నారే అన్నది మాత్రం గుర్తుంది. నా గొంతు అంత లేస్తుందని నాకు తెలియదు. పక్కింటివాళ్ళు గోడ కొట్టారు.

ఇద్దరం ఆగిపోయాం. పిల్ల గోడ వైపు చూసి, "కాసేపాగండి, అయిపోవస్తోంది" అని గట్టిగా అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే అది ఏడుపుగా మారింది. కుర్చీలోంచి కిందికి జారి కూర్చున్నాను. పిల్ల దగ్గరికి రాలేదు చాలాసేపు. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది, ముట్టుకోలేదు. తనూ ఏడ్చింది, అటు తిరిగి.

దాని కోపం పోలేదు. పోలేదని చెప్పింది కూడా.

మధ్యాహ్నం దాకా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. తర్వాత ఆకలేసింది. ఇద్దరికీ.